డబ్లిన్ నుంచి రెండు రోజుల్లో వింటర్‌ఫెల్, పైక్: గేమ్ ఆఫ్ థ్రోన్స్ తీసిన చోట్లు చూడాలంటే

ప్రశ్న క్లుప్తంగా ఇది. డబ్లిన్‌లో మాస్టర్స్ చదువుతున్న నలుగురు స్నేహితులు, హైదరాబాద్ నుంచి టూరిస్ట్ వీసా మీద వస్తున్న ఇంకొకరు. అద్దె కారులో ఒక శని, ఆదివారాల్లో ఉత్తర ఐర్లాండ్ వెళ్లి గేమ్ ఆఫ్ థ్రోన్స్ షూటింగ్ జరిగిన చోట్లన్నీ చూడాలనుకుంటున్నారు. వీసా కావాలా, ఏ వరసలో వెళ్లాలి, కారు కుదరకపోతే దారేంటి అని అడిగారు.

"అన్నీ" అనే మాటని ముందు పక్కన పెట్టేయండి. ఈ ఫాంటసీ టీవీ సీరియల్ 2011 ఏప్రిల్ నుంచి 2019 మే దాకా 8 సీజన్లు, 73 ఎపిసోడ్లుగా వచ్చింది. దాని ప్రధాన స్థావరం బెల్‌ఫాస్ట్, టైటానిక్ క్వార్టర్‌లోని పెయింట్ హాల్ స్టూడియో. చుట్టుపక్కల కొండలు, అడవులు, తీరాలు, క్వారీలు దొరికినవి దొరికినట్టు వాడుకున్నారు. నెట్‌లో కనిపించే మ్యాపుల్లో పాతిక దాకా గుర్తులుంటాయి, అందులో చాలావాటికి వెళ్లినా చూడటానికి ఏమీ ఉండదు. క్యాజిల్ బ్లాక్ (నైట్స్ వాచ్ అనే కాపలా దళం కోట) సెట్ వేసిన మాగరమోర్న్ క్వారీ ప్రైవేటు స్థలం, లోపలికి రానివ్వరు. చివరి సీజన్ల వింటర్‌ఫెల్ (స్టార్క్ కుటుంబం కోట) సెట్ మనీగ్లాస్ దగ్గర ప్రైవేటు భూమిలో వేశారు. పెయింట్ హాల్‌లోకి సందర్శకులకు ప్రవేశం లేదు. అందుకే ప్రతి చోటుకీ ఒకటే ప్రశ్న వేసుకోండి: తెర మీద కనిపించిన దాంట్లో నేల మీద నిజంగా ఉన్నదెంత, కంప్యూటర్‌లో గీసిందెంత? నేల మీద ఉన్నది ఎక్కువైతే వెళ్లండి, లేదంటే వదిలేయండి. కింద చెప్పిన దారి ఈ లెక్కతోనే వేసింది.

ముందు వీసా సంగతి, ఎందుకంటే ట్రిప్ ఆగేది ఇక్కడే. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్లే హైవేలో సరిహద్దు దగ్గర గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తాయి, అంతే. దాంతో "అక్కడ వీసా అక్కర్లేదు" అన్న ప్రచారం విద్యార్థుల గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. అది తప్పు. ఉత్తర ఐర్లాండ్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం. స్టాంప్ 2 (విద్యార్థి అనుమతి) ఉన్న మీ ఐఆర్‌పీ (ఐరిష్ నివాస అనుమతి) కార్డు ఐర్లాండ్ రిపబ్లిక్‌లో ఉండటానికి మాత్రమే పనికొస్తుంది. భారత పాస్‌పోర్ట్ ఉన్న మీ నలుగురికీ యూకే స్టాండర్డ్ విజిటర్ వీసా కావాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి వేలిముద్రలు ఇచ్చాక నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు పడుతుంది, సెలవుల ముందు ఇంకా ఆలస్యం కావచ్చు. ఆరు వారాల ముందే మొదలుపెట్టండి. సాధారణంగా ఆరు నెలల గడువుతో, ఎన్నిసార్లయినా వెళ్లివచ్చేలా ఇస్తారు కాబట్టి ఆ డబ్బు ఒక్క ట్రిప్‌కే పోదు.

గేటు లేదు కదా అని వెళ్లిపోతే ఏమవుతుంది? బస్సుల్లో, రైళ్లలో అప్పుడప్పుడు అధికారులు ఎక్కి పత్రాలు అడుగుతారు. కారులో వెళ్తే చిన్న యాక్సిడెంట్ జరిగినా, స్పీడింగ్‌కి పోలీసులు ఆపినా విషయం బయటపడుతుంది. అనుమతి లేకుండా ప్రవేశించారని ఒకసారి రికార్డుల్లోకి ఎక్కితే తర్వాత వేసే ప్రతి వీసా దరఖాస్తులో అది చెప్పుకోవాలి. రెండు రోజుల సరదా కోసం చదువునూ ఉద్యోగాన్నీ పణంగా పెట్టొద్దు.

హైదరాబాద్ నుంచి వచ్చే ఫ్రెండ్ విషయం వేరు. బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్ భారతీయులకు 2015 నుంచి ఉంది. ఐరిష్ షార్ట్ స్టే వీసా మీద "బీఐవీఎస్" అని రాసి ఉంటే అదే వీసాతో యూకేకీ వెళ్లొచ్చు. షరతు ఒకటుంది: వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. ఐరిష్ వీసా అయితే ముందు డబ్లిన్‌లో ఇమిగ్రేషన్ దాటాకే ఉత్తరానికి. చవగ్గా దొరికిందని లండన్‌లో దిగి అక్కడి నుంచి బెల్‌ఫాస్ట్ వచ్చే టికెట్ కొంటే ఈ వీసా పనికిరాదు. వీసా చేతికి రాగానే ఆ నాలుగు అక్షరాలు ఉన్నాయో లేదో చూడమనండి, అందరికీ వాటంతట అవే పడవు. చదువు కోసం ఇచ్చే లాంగ్ స్టే వీసాలకు ఈ స్కీమ్ లేదు, కాబట్టి మీకు ఇది వర్తించదు. నిబంధనలు మారుతుంటాయి. టికెట్లు కొనే ముందు రెండు దేశాల ప్రభుత్వ సైట్లలో ఈ పేజీలు మళ్లీ ఒకసారి చదవండి.

ఇక కారు. ఐదుగురికి మామూలు హ్యాచ్‌బ్యాక్ సరిపోదు. వెనక ముగ్గురు కోట్లు, బ్యాగులతో రెండు రోజులు ఇరుక్కుని కూర్చుంటే రెండో రోజు మధ్యాహ్నానికి ఎవరూ ఎవరితో మాట్లాడరు. ఎస్టేట్ కారు (వెనక సామాన్ల చోటు ఎక్కువున్న పొడవాటి కారు) గానీ ఏడు సీట్లది గానీ తీసుకోండి. బుక్ చేసేటప్పుడే "నార్త్‌కి తీసుకెళ్తాం" అని చెప్పి, ఒప్పందంలో రాయించుకోండి. కొన్ని కంపెనీలు దీనికి విడిగా ఫీజు తీసుకుంటాయి. చెప్పకుండా దాటితే ఇన్సూరెన్స్ పనిచేయకపోవచ్చు. చాలాచోట్ల 25 ఏళ్లలోపు డ్రైవర్‌కి అదనపు చార్జీ ఉంటుంది, డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డు ఒప్పుకోకపోవచ్చు. ఆటోమేటిక్ గేర్ కావాలంటే ముందే చెప్పాలి, అద్దె ఎక్కువ.

లైసెన్స్ గురించి: సందర్శకులు భారత లైసెన్స్‌తో రెండు వైపులా 12 నెలల దాకా నడపొచ్చు. కాబట్టి హైదరాబాద్ నుంచి వచ్చే ఫ్రెండ్ లైసెన్స్‌కి ఇబ్బంది లేదు. డబ్లిన్‌లో కాపురం ఉంటున్న మీ విషయంలో ఐరిష్ లైసెన్స్ లేకపోతే, మీ పరిస్థితి పూర్తిగా వివరించి కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. కౌంటర్ దగ్గరికి వెళ్లాక "ఇవ్వం" అంటే శనివారం ఉదయమే ట్రిప్ పోతుంది. ఆ ఫ్రెండ్ విమానం దిగిన మర్నాడే స్టీరింగ్ ఇవ్వకండి. ఎడమ వైపు నడపడం మనకు అలవాటే అయినా, నిద్ర చాలని కళ్లతో ఆంట్రిమ్ తీరపు మలుపులు వద్దు. ఇద్దరు డ్రైవర్ల పేర్లు రాయించుకోవడం మేలు.

డబ్లిన్ కారులో స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉంటుంది, నార్త్ బోర్డులు మైళ్లలో. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డ్‌కి అంటించండి: 30 అంటే 48 కిలోమీటర్లు, 40 అంటే 64, 60 అంటే 97, 70 అంటే 112. పల్లె రోడ్ల మీద 60 అని బోర్డు ఉందంటే అది హద్దు మాత్రమే. గోడకీ గోడకీ మధ్య ఒకటిన్నర కారు పట్టే రోడ్డు మీద అందులో సగం వేగమే క్షేమం.

ఇప్పుడు దారి. బెల్‌ఫాస్ట్‌ని మధ్యలో పెట్టి చూస్తే వింటర్‌ఫెల్, అడవి సీన్లు దక్షిణాన డౌన్ కౌంటీలో ఉన్నాయి. ఐరన్ ఐలాండ్స్, కింగ్స్‌రోడ్, డ్రాగన్‌స్టోన్ తీరాలు ఉత్తరాన ఉన్నాయి. ఒకే రోజు రెండూ పెట్టుకోవడమే చాలా గ్రూపులు చేసే పెద్ద తప్పు. మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తాయి, మధ్యలో నగరపు ట్రాఫిక్, సన్నని రోడ్లు ఉంటాయి. శనివారం దక్షిణం, రాత్రి బెల్‌ఫాస్ట్, ఆదివారం ఉత్తరం.

శనివారం ఆరున్నరకి డబ్లిన్ వదిలితే న్యూరీ మీదుగా ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా న్యూకాజిల్ ఊరి పక్కన టాలీమోర్ ఫారెస్ట్ పార్క్ చేరతారు. మొదటి ఎపిసోడ్ తొలి నిమిషాల్లో నైట్స్ వాచ్ మనుషులు మంచు అడవిలో శవాలు చూసేది ఈ చెట్ల మధ్యే. స్టార్క్ పిల్లలకు డైర్‌వుల్ఫ్ (పెద్ద తోడేలు) కూనలు దొరికేదీ ఈ పార్కులోనే. వాహనానికి ఎంట్రీ ఫీజు ఉంటుంది. షిమ్నా నది ఒడ్డున దాదాపు 5 కిలోమీటర్ల బాట ఉంది. పాత రాతి వంతెనలు, నీళ్ల మధ్య అడుగు రాళ్లు అన్నీ దాని మీదే వస్తాయి. రెండు గంటలు ఇవ్వండి. ఎండాకాలంలో వెళ్తే మంచు ఉండదు కదా అని నిరాశపడొద్దు. చెట్ల వరసలు, నాచు పట్టిన రాళ్లు అలాగే ఉంటాయి. తెల్లవారి పొగమంచు ఉంటే సీన్ దానంతట అదే తయారవుతుంది, తొందరగా బయల్దేరమంటున్నది అందుకే.

అక్కడి నుంచి అరగంటలో డౌన్‌ప్యాట్రిక్ పక్కన ఇంచ్ అబ్బీ. 1180లో కట్టిన సిస్టర్షియన్ మఠం శిథిలాలివి, క్వాయిల్ నది ఒడ్డున ఉన్నాయి. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో రాబ్ స్టార్క్‌ని "ఉత్తరాది రాజు" అని కత్తులు దూసి ప్రకటించే శిబిరం ఇక్కడిదే. తూర్పు గోడలో మూడు పొడవాటి కోణపు కిటికీలు నిలిచి ఉన్నాయి, ఫ్రేమ్ గుర్తుపట్టడానికి అవే ఆనవాలు. టికెట్ లేదు, గేటు దగ్గర మనిషీ ఉండడు, గడ్డి మాత్రం ఎప్పుడూ తడిగా ఉంటుంది. నలభై నిమిషాలు చాలు.

మరో ఇరవై నిమిషాల్లో క్యాజిల్ వార్డ్. ఈ రోజుకి ఇదే గుండెకాయ, మధ్యాహ్నం మొత్తం దీనికే కేటాయించండి. వారసత్వ స్థలాలు చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ ఎస్టేట్ ఇది, ఎంట్రీ టికెట్ ఉంటుంది. మొదటి సీజన్‌లో వింటర్‌ఫెల్ పెరడు ఇక్కడి పాత ఫార్మ్‌యార్డ్. బ్రాన్ విలువిద్య నేర్చుకుంటుంటే అన్నలు నవ్వేది, రాబర్ట్ రాజు గుర్రం దిగేది ఈ ముంగిట్లోనే. ఇక్కడే జనం ఎక్కువగా నిరుత్సాహపడతారు, కారణం ముందే తెలిస్తే పడరు. తెర మీద చుట్టూ లేచిన కోట గోడలు, బురుజులు గ్రాఫిక్స్. నిజంగా ఉన్నది చిన్న రాతి ముంగిలి, ఒక పాత టవర్, పొలం కొట్టాలు. టవర్‌ని మధ్యలో పెట్టి, కొట్టాల పైకప్పుల అంచు వరకే ఫ్రేమ్ కట్ చేసి చూడండి, వింటర్‌ఫెల్ కనిపిస్తుంది. ఎస్టేట్‌లోనే స్టార్క్ అంగీలు తొడిగి విల్లు చేతికిచ్చే టూర్లు నడుపుతారు. స్నేహితులతో వెళ్తే ఇది తప్పకుండా చేయాల్సిన పని, ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి. తర్వాత స్ట్రాంగ్‌ఫర్డ్ లాఫ్ అనే సముద్రపు ఖాతం తీరం వెంట ఆడ్లీస్ కాజిల్ దాకా నడవండి. ఆ చుట్టుపక్కల పొలాలే రాబ్ సైన్యం విడిది. వాల్డర్ ఫ్రే జంట బురుజుల వంతెనను కూడా ఈ నీటి మీదే గ్రాఫిక్స్‌లో నిలబెట్టారు.

పనిలో పని, క్యాజిల్ వార్డ్ పెద్ద ఇంటిని రెండు వైపుల నుంచీ చూడండి. ఒక ముఖం క్లాసికల్, వెనక ముఖం గోథిక్. 18వ శతాబ్దంలో కట్టించిన భార్యాభర్తలకు శైలి మీద ఏకాభిప్రాయం కుదరక చెరో వైపు పంచుకున్నారు. సీరియల్‌కి సంబంధం లేదు గానీ, ఇలాంటి ఇల్లు ఇంకోచోట కనిపించదు.

సాయంత్రం పక్కనే ఉన్న స్ట్రాంగ్‌ఫర్డ్ ఊళ్లో ద కువాన్ అనే సత్రంలోకి వెళ్లండి. 2016 జనవరిలో గెర్ట్రూడ్ తుఫానుకి డార్క్ హెడ్జెస్ అనే చెట్ల బాటలో (ఆదివారం చూసేది) కూలిన చెట్ల కలపతో ఆరో సీజన్ సందర్భంగా పది తలుపులు చెక్కించి, ఉత్తర ఐర్లాండ్ అంతటా పది చోట్ల బిగించారు. వాటిలో ఒకటి ఇక్కడుంది. ఇవన్నీ వ్యాపార స్థలాలు. ఫొటో తీసుకుని వచ్చేయకుండా ఒక టీ అయినా తాగండి. నడిపేవాళ్లు మాత్రం టీయే తాగాలి, సరిహద్దు తిరిగి దాటాక ఐర్లాండ్ రిపబ్లిక్‌లో మద్యం పరిమితి ఇంకా కఠినం. స్ట్రాంగ్‌ఫర్డ్ నుంచి పోర్టాఫెరీకి కారుతో సహా ఫెర్రీ ఉంది, పదినిమిషాల్లోపే అవతలి ఒడ్డు. అక్కడి నుంచి ఆర్డ్స్ ద్వీపకల్పం మీదుగా గంటలో బెల్‌ఫాస్ట్. వచ్చిన దారినే వెనక్కి పోవడం కంటే ఇది బాగుంటుంది.

స్టూడియో టూర్ సంగతి. బాన్‌బ్రిడ్జ్‌లోని లినెన్ మిల్ స్టూడియోస్‌లో 2022 ఫిబ్రవరిలో తెరిచారు. వింటర్‌ఫెల్ గ్రేట్ హాల్, డ్రాగన్‌స్టోన్ సింహాసన గది, దుస్తులు, ఆయుధాలు, ఐరన్ థ్రోన్ అన్నీ ఒకచోట ఉంటాయి. డబ్లిన్ దారిలోనే వస్తుంది, మూడు గంటలు పడుతుంది. తెర వెనక పనితనం మీద ఆసక్తి ఉంటే టాలీమోర్ తీసేసి శనివారం ఉదయం ఇది పెట్టండి. రెండూ పెడితే క్యాజిల్ వార్డ్ చీకటి పడే వేళకు చేరతారు. టికెట్ టైం స్లాట్‌తో వస్తుంది, ముందే కొనాలి. ఆదివారం తిరుగు ప్రయాణంలో చూద్దామనుకోవద్దు, చివరి ఎంట్రీ దాటిపోతుంది.

ఆదివారం పొద్దున్నే లేవడానికి ఐదుగురూ శనివారం రాత్రే ఒప్పుకోండి. డార్క్ హెడ్జెస్ బెల్‌ఫాస్ట్ నుంచి గంటా పావు. టూరిస్ట్ బస్సులు తొమ్మిదిన్నర, పది నుంచి వరస కడతాయి, ఏడున్నరకల్లా అక్కడుంటే రోడ్డంతా మీకే. 1775 ప్రాంతంలో స్టువర్ట్ కుటుంబం గ్రేస్‌హిల్ హౌస్‌కి వెళ్లే దారికి రెండు వైపులా నాటించిన బీచ్ (beech) అనే జాతి చెట్లివి. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో మగపిల్లాడి వేషంలో ఆర్యా బండి మీద కింగ్స్‌లాండింగ్ వదిలి వెళ్లేది ఈ బాట మీద. తెర మీద ఉండేది కొన్ని క్షణాలే, లోకమంతా గుర్తుపెట్టుకున్నది మాత్రం ఈ చోటునే.

2017 నుంచి ఈ బ్రెగా రోడ్డు మీద వాహనాలు నిషేధం. జీపీఎస్ నేరుగా చెట్ల కిందికి తీసుకెళ్తుంది, నమ్మకండి. పక్కనే హోటల్ దగ్గరున్న పార్కింగ్‌లో పెట్టి నడవండి. నిషేధం వేడుక కోసం కాదు. బీచ్ చెట్టు వేళ్లు పైపైనే పరుచుకుంటాయి. వాటి మీద బండ్లు, జనం తిరిగితే మట్టి గట్టిపడి వేళ్లకు గాలీ నీరూ అందవు. అసలు ఆ జాతి ఆయుష్షు దాటి బతుకుతున్న చెట్లు, 2023 నవంబర్‌లో ప్రమాదకరంగా మారిన కొన్నిటిని నరకాల్సి వచ్చింది. ఫొటోల్లో చూసినంత దట్టంగా ఇప్పుడు ఉండదు. వేళ్ల మీద నిలబడకండి, బెరడు మీద పేర్లు చెక్కకండి, గాలి హోరున వీస్తున్న రోజు కింద ఆగకండి, కొమ్మలు విరిగిపడతాయి.

ఇక్కడి ఫొటో చాలామందికి కుదరదు. ఫోన్ మామూలు లెన్స్‌తో తీస్తే చెట్లు దూరం దూరంగా, పలచగా వస్తాయి. ఆ సొరంగం లాంటి రూపం రావాలంటే జూమ్ లెన్స్ కావాలి. ఫోన్‌లో 3ఎక్స్ పెట్టి, మనుషుల్ని ముప్ఫై నలభై అడుగులు ముందుకు పంపి, మీరు మోకాళ్ల మీద కూర్చుని తీయండి. దూరం నుంచి జూమ్ చేస్తే ముందు చెట్టుకీ వెనక చెట్టుకీ మధ్య ఎడం తగ్గినట్టు కనిపించి కొమ్మలు కలుస్తాయి.

అక్కడి నుంచి ఇరవై ఐదు నిమిషాల్లో బాలింటోయ్ హార్బర్. నా లెక్కలో ఉత్తరాన దీన్ని మించిన చోటు లేదు, ఎందుకంటే తెర మీద ఉన్నదే నేల మీదా ఉంది: రేవు గోడ, నల్లరాతి మొనలు, చల్లటి నీళ్లు. రెండో సీజన్‌లో థియాన్ గ్రేజాయ్ పడవ దిగి ఇంటికొచ్చే పైక్ దీవి రేవు లార్డ్స్‌పోర్ట్ ఇదే, ఉప్పునీటితో అతనికి దీక్ష ఇచ్చేదీ ఈ తీరంలోనే. కిందికి దిగే రోడ్డు ఇరుకు, మెలికలు. పార్కింగ్ చిన్నది. తొమ్మిదిలోపు చేరితే చోటు దొరుకుతుంది, పదకొండుకి వస్తే పైకీ కిందికీ కార్లు ఇరుక్కుని ఉంటాయి. ఆటుపోట్ల వేళలు ముందు రోజు చూసుకోండి. నీరు దిగినప్పుడు రాళ్ల మధ్యకు నడవొచ్చు, నీరు ఎక్కుతున్నప్పుడు రేవు గోడ మీదే ఉండండి. సముద్రపు పాచి పట్టిన రాయి మీద స్పోర్ట్స్ షూస్ కూడా జారతాయి.

పక్కనే లారీబేన్ క్వారీ, తెల్లటి సున్నపురాయి కొండచరియ. రెన్లీ శిబిరం ఇక్కడే వేశారు, బ్రియెన్ పోటీలో గెలిచి శిరస్త్రాణం తీసే సీన్ ఇక్కడిదే. ఆ పక్కన క్యారిక్-ఎ-రీడ్ తాళ్ల వంతెన ఉంది. అది సీరియల్‌లో లేదు, టికెట్‌కి టైం స్లాట్ ఉంటుంది, గాలి ఎక్కువైతే మూసేస్తారు. దాని కోసం గంటన్నర పోగొట్టుకోవాలా అన్నది మీ ఇష్టం, నేనైతే ఆ సమయం జెయింట్స్ కాజ్‌వేకి ఇస్తాను. దాదాపు 40,000 బసాల్ట్ స్తంభాలు సముద్రంలోకి మెట్లలా దిగే చోటు అది. రాళ్ల దాకా నడవడానికి టికెట్ లేదు, పార్కింగ్‌కీ విజిటర్ సెంటర్‌కీ డబ్బు కట్టాలి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి: తూర్పా, పడమరా? రెండూ కుదరవు, డబ్లిన్ తిరుగు ప్రయాణం మూడు గంటలు మిగిలే ఉంది.

తూర్పుకి వెళ్తే తీరపు రోడ్డు వెంట కుషెన్‌డన్ గుహలు వస్తాయి. రెండో సీజన్‌లో మంత్రగత్తె మెలిసాండ్రె నీడకు జన్మనిచ్చేది ఈ గుహలోనే, చివరి సీజన్‌లో జేమీ, యూరాన్ కొట్టుకునేదీ ఇక్కడే. ఊళ్లో కారు పెట్టి పదినిమిషాలు నడవాలి. ఇలాంటి గుహల్లో రాళ్లు రాలే భయం ఉంటుంది. కంచె గానీ బోర్డు గానీ పెట్టి ఉంటే దాటకండి. లోపలి చీకటిలోంచి బయటి వెలుగు వైపు ఫోన్ తిప్పి, వెలుగు మీద వేలితో తాకి ఫోకస్ లాక్ చేస్తే మనుషులు నీడల్లా పడి సీన్‌కి దగ్గరగా వస్తుంది. ఆ ఊళ్లోనే మేరీ మెక్‌బ్రైడ్స్ పబ్‌లో ఆ పది తలుపుల్లో ఇంకోటి ఉంది. తర్వాత కార్న్‌లాక్ హార్బర్‌లో ఆగండి. ఆరో సీజన్‌లో కడుపులో కత్తిపోట్లతో ఆర్యా నీళ్లలోంచి పైకెక్కే బ్రావోస్ నగరపు మెట్లు అక్కడున్నాయి, పదినిమిషాల పని. బాలీకాజిల్ నుంచి కుషెన్‌డన్‌కి టార్ రోడ్ అనే దగ్గరి దారి కనిపిస్తుంది. దృశ్యం అద్భుతంగా ఉంటుంది గానీ చాలా నిటారు, ఎదురు కారు వస్తే ఒకరు వెనక్కి పోవాల్సిందే. పెద్ద కారుకి, కొత్త డ్రైవర్‌కి అది వద్దు, ఏ2 అనే పెద్ద రోడ్డు మీదే వెళ్లండి.

పడమరకి వెళ్తే డౌన్‌హిల్ బీచ్. కొండ అంచున 1785లో కట్టిన గుండ్రటి మసెండెన్ టెంపుల్, కింద ఇసుక తీరం. స్టానిస్ ముందు మెలిసాండ్రె ఏడుగురు దేవుళ్ల విగ్రహాలను రాత్రి తగలబెట్టే సీన్ ఆ ఇసుక మీద తీశారు. ఇసుక మీదకి కార్లు దిగుతుంటాయి, వాళ్లని చూసి మీరు దించకండి. అద్దె కారు ఇసుకలో దిగబడితే ఇన్సూరెన్స్ ఆదుకోదు, అలలు ఆగవు. ఇంకొంచెం దూరంలో బినెవెనా కొండ. ఐదో సీజన్ చివర డ్రోగన్ దెనెరిస్‌ని తీసుకొచ్చి దింపే పచ్చిక బయలు అదే. విశాలమైన దృశ్యాలు ఇష్టమైతే పడమర, సీన్ల గురుతులు ఒకదాని వెంట ఒకటి కావాలంటే తూర్పు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు తూర్పుకే, ఎందుకంటే ఆ దారి బెల్‌ఫాస్ట్ వైపే, అంటే ఇంటి వైపే నడిపిస్తుంది.

సీన్లతో ఫొటోలు పోల్చి తీయాలనుకుంటే ఇంట్లోనే తయారు కండి. స్ట్రీమింగ్ యాప్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది, కాపీ కాకుండా పెట్టిన రక్షణ అది. టీవీలో సీన్ ఆపి ఇంకో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒక్కో చోటుకి రెండు ఫ్రేములు చాలు. ప్రతి ఫ్రేములో మారనిది ఏదో ఒకటి, కొండ అంచో, కిటికీయో, రేవు మూలో, గుర్తించి దాని మీద గీత పెట్టండి. అక్కడ చేరాక ముందు ఆ గుర్తు దొరకబుచ్చుకోవాలి, మనుషుల్ని తర్వాత నిలబెట్టాలి. చాలామంది ముందు పోజు పెట్టి ఆ తర్వాత కోణం వెతుకుతారు, అందుకే ఒక్క ఫొటోకి ఇరవై నిమిషాలు పోతాయి.

కత్తి పట్టుకుని ఫొటో దిగాలన్న ముచ్చట అందరికీ ఉంటుంది. లోహపు కత్తి వెంట తీసుకెళ్లకండి. బహిరంగ స్థలంలో సరైన కారణం లేకుండా పదునైన ఆయుధం పట్టుకు తిరగడం అక్కడ నేరం. ఫోమ్ కత్తులు తీసుకోండి, లేదా క్యాజిల్ వార్డ్ టూర్‌లో వాళ్లిచ్చేవి వాడండి. నేషనల్ ట్రస్ట్ స్థలాల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయనివ్వరు.

గొడుగులు ఇంట్లో పెట్టేయండి, ఆ తీరపు గాలికి ఒక్కటీ నిలవదు. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, పట్టు ఉన్న బూట్లు, మారు సాక్సులు కావాలి. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి పైన చెప్పిన వరస హాయిగా సరిపోతుంది. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి, అప్పుడైతే ప్రతి రోజులోంచి ఒక చోటు తీసేయండి. అక్కడ యూరో కాదు, పౌండ్లు. కార్డు దాదాపు అంతటా నడుస్తుంది, పార్కింగ్ మెషీన్ల కోసం కొన్ని నాణేలు ఉంచుకోండి. ఐరిష్ సిమ్ సరిహద్దు దాటగానే యూకే నెట్‌వర్క్ పట్టుకుంటుంది, మీ ప్లాన్‌లో అది కలిసి ఉందో లేదో చూడండి. తీరపు లోయల్లో సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. తిండి విషయంలో ఇంకో సంగతి: ఆదివారం పెద్ద సూపర్ మార్కెట్లు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి ఆరు వరకే తెరుస్తారు. ఏడున్నరకి డార్క్ హెడ్జెస్ దగ్గరుండే మీకు టిఫిన్ ఎక్కడా దొరకదు. శనివారం రాత్రే కొని పెట్టుకోండి. శాకాహారులుంటే చిన్న ఊళ్లలో చిప్స్, సూప్ తప్ప ఎంపిక తక్కువ. మొదటి రోజుకి పులిహోర కలుపుకెళ్తే క్యాజిల్ వార్డ్ బల్లల మీద కూర్చుని తినొచ్చు.

కారు కుదరకపోతే: డబ్లిన్ కొనొలీ నుంచి బెల్‌ఫాస్ట్ గ్రాండ్ సెంట్రల్‌కి ఎంటర్‌ప్రైజ్ రైలు ఉంది, రెండు గంటల పైచిలుకు. పత్రాల తనిఖీ ఇందులోనూ జరగొచ్చు, పాస్‌పోర్ట్ వీసా చేతిలో ఉండాలి. ఉత్తర తీరానికి సొంతంగా వెళ్లాలంటే బెల్‌ఫాస్ట్ నుంచి కోల్‌రైన్‌కి రైలు, అక్కడి నుంచి 402 నంబరు కాజ్‌వే ర్యాంబ్లర్ బస్సు. జెయింట్స్ కాజ్‌వే, బాలింటోయ్ దానికి దొరుకుతాయి, డార్క్ హెడ్జెస్‌కి మాత్రం బాలీమనీ స్టేషన్ నుంచి టాక్సీ మేలు. ఐదుగురికి ఒక్క టాక్సీ పట్టదు, పెద్దది ముందే చెప్పి పెట్టుకోవాలి. అంతకంటే సులువు, బెల్‌ఫాస్ట్ నుంచి ఉదయం బయల్దేరే గేమ్ ఆఫ్ థ్రోన్స్ బస్సు టూర్ ఎక్కడం. బుక్ చేసే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఒక్కో చోట ఎన్ని నిమిషాలు ఆపుతారు, బాలింటోయ్ రేవు దాకా కిందికి దిగుతారా లేక పై రోడ్డు మీంచే చూపిస్తారా? దక్షిణం వైపు డౌన్‌ప్యాట్రిక్ దాకా బస్సులు బాగానే ఉంటాయి, అక్కడి నుంచి స్ట్రాంగ్‌ఫర్డ్ బస్సులు తక్కువ, ఆదివారం మరీ తక్కువ. అందుకే కారు లేనివాళ్లు కూడా శనివారం క్యాజిల్ వార్డ్, ఆదివారం బస్సు టూర్ అన్న వరసే పెట్టుకోవాలి, తిరగేస్తే క్యాజిల్ వార్డ్ నుంచి వెనక్కి రావడానికి బస్సు దొరకదు.